పాత మజిల్ కారు కొని బాగుచేసుకోవాలంటే: ముందు రేకు చూడండి, ఇంజిన్ సంగతి తర్వాత

ఆగస్టులో డెట్రాయిట్ శివార్లలో ఉండే తెలుగువాళ్లకు ఒక శబ్దం బాగా తెలుసు. సాయంత్రం పూట కిటికీ తీసి ఉంచితే రెండు వీధుల అవతల సిగ్నల్ దగ్గర ఒక పాత వి8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్ గుడగుడలాడుతూ ఉంటుంది. గ్రీన్ పడగానే ఆ గుడగుడ ఒక్కసారి గర్జనగా మారి దూరమైపోతుంది. అది విని "ఇలాంటిదొకటి మన గరాజ్‌లో ఉంటే" అనుకున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. నేనూ అలా అనుకునే మొదలుపెట్టాను. మా ఇంట్లో ఇప్పుడు 1966 ఫోర్డ్ మస్టాంగ్ ఉంది. ఏడేళ్లుగా దాని మీద పని చేస్తున్నాను, ఒక్క వేసవి కూడా అది రోడ్డెక్కకుండా గడవలేదు.

ఆ చివరి మాటే ఇక్కడ అసలు విషయం. చాలామంది కారు కొన్న మొదటి నెలలోనే ఉత్సాహంగా మొత్తం విప్పేస్తారు. ఆ తర్వాత ఆఫీసులో పని పెరుగుతుంది, పిల్లల క్లాసులు, ఇండియా ప్రయాణం వస్తాయి. డోర్లు గోడకు ఆనించి, బోల్టులు పెరుగు డబ్బాల్లో పోసి ఉంటాయి. ఏ బోల్టు ఎక్కడిదో ఎవరికీ గుర్తుండదు. చివరికి సగం ధరకు ఇంకెవరో ట్రైలర్ మీద ఎక్కించుకుపోతారు. మీకు అలా జరగకూడదంటే నడిచే కారు కొనండి, అది నడుస్తూ ఉండగానే ఒక్కో భాగం బాగుచేసుకుంటూ వెళ్లండి.

ఏ కారు కొనాలి

1964లో పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ అనే మధ్యరకం కారులో తమ పెద్ద కార్లకు వాడే 389 క్యూబిక్ అంగుళాల వి8 పెట్టి జీటీఓ పేరుతో అమ్మారు. మామూలు రెండు డోర్ల కారు, అందులో పెద్ద ఇంజిన్, కుర్రాళ్లు కొనగలిగే ధర. మజిల్ కారు అంటే ఇదే. ఆ తర్వాత షెవర్లే షెవెల్ ఎస్ఎస్, క్రైస్లర్ కంపెనీ వాళ్ల రోడ్ రన్నర్, చార్జర్ అన్నీ ఆ దారిలోనే వచ్చాయి. 1970 షెవెల్‌లో ఎల్ఎస్6 అనే 454 క్యూబిక్ అంగుళాల ఇంజిన్‌ను 450 హార్స్‌పవర్ అని అమ్మారు. ఇన్సూరెన్స్ ధరలు, పొగ నియంత్రణ చట్టాలు, 1973 చమురు సంక్షోభం కలిసి ఆ కాలానికి తెర దించాయి.

మస్టాంగ్‌ను పట్టింపు ఉన్నవాళ్లు "పోనీ కార్" (చిన్న సైజు స్పోర్టీ కారు) అంటారు, మజిల్ కారు అనరు. వాళ్లతో నాకు పేచీ లేదు. కానీ మొదటిసారి ఈ పనిలోకి దిగేవాళ్లకు నేను చెప్పేది మాత్రం 289 క్యూబిక్ అంగుళాల వి8 ఉన్న 1965 లేదా 1966 మస్టాంగ్ కూపే. ఆ రెండు మోడల్ సంవత్సరాల్లో 12 లక్షలకు పైగా తయారయ్యాయి. అందుకే డోర్ హ్యాండిల్ స్ప్రింగ్ నుంచి పూర్తి బాడీ దాకా అన్నీ ఈ రోజుకీ కొత్తగా తయారై దొరుకుతున్నాయి. ఇంజిన్ బేలో చెయ్యి పట్టేంత చోటుంటుంది. కప్పు వెనక్కి వాలుగా దిగే ఫాస్ట్‌బ్యాక్, టాప్ మడిచే కన్వర్టిబుల్ చూడటానికి ఇంకా బాగుంటాయి కానీ ధర ఎక్కువ. పైగా కన్వర్టిబుల్‌కు టాప్ మెకానిజం ఒక అదనపు తలనొప్పి.

మనసు షెవెల్ మీదే ఉంటే అదీ మంచిదే. దాని బాడీ, ఛాసిస్ వేరువేరుగా ఉంటాయి కాబట్టి రేకు పని కొంచెం తేలిక. అరుదైన మోడళ్ల జోలికి మాత్రం మొదటి కారుగా వెళ్లకండి. చిన్న ప్లాస్టిక్ ముక్క కోసం ఏడాది ఎదురుచూడాల్సి వస్తుంది.

చూడటానికి వెళ్లినప్పుడు

ఇక్కడ తొందరపడకండి. ఇంజిన్ పాడైతే ఎవరైనా బాగుచేస్తారు, దానికి ఒక లెక్క ఉంటుంది. తుప్పుకు లెక్క ఉండదు. మిషిగన్, ఒహాయో రోడ్ల మీద చలికాలమంతా ఉప్పు చల్లుతారు. ఆ ఉప్పు తిన్న కారు పైకి నిగనిగలాడుతున్నా లోపల గుల్లైపోయి ఉంటుంది. అరిజోనా, టెక్సస్ లాంటి పొడి ప్రాంతాల్లో బతికిన కారుకు సీట్లు ఎండకు పగిలిపోయి ఉండొచ్చు, రంగు వెలిసిపోయి ఉండొచ్చు, అయినా రేకు గట్టిగా ఉంటుంది. నన్నడిగితే ఎండిన కారుకే ఎక్కువ డబ్బిచ్చి కొంటాను.

వెంట తీసుకెళ్లాల్సినవి: పలుచటి గుడ్డలో చుట్టిన అయస్కాంతం, టార్చిలైటు, చిన్న స్క్రూడ్రైవర్, వేసుకుని నేల మీద పడుకోగలిగే పాత బట్టలు. నేను మొదట చూసిన కారు ఎర్ర రంగు ఫాస్ట్‌బ్యాక్. ఫోటోల్లో పెళ్లికూతురిలా ఉంది. వెనక చక్రం పక్కన, కింది అంచు దగ్గర అయస్కాంతం పెట్టాను. ఒక్క క్షణం ఆగి జారి నేల మీద పడింది. రెండు అడుగులు ముందుకు జరిగి డోర్ కింద పెట్టాను, అక్కడా పడింది. రేకు ఉండాల్సిన చోట వేలి మందాన లప్పం. పైన ఎంత అందమైన రంగో! అమ్మేవారికి నమస్కారం పెట్టి నాలుగు గంటలు డ్రైవ్ చేసి ఇంటికొచ్చేశాను.

మస్టాంగ్‌లో తప్పకుండా చూడాల్సింది కౌల్. విండ్‌షీల్డ్ కింద, బానెట్ వెనక గాలి వెళ్లే చీలికలుంటాయి. వాన నీరు అందులో పడి పక్కల నుంచి బయటకు పోవాలి. లోపల తుప్పు పడితే ఆ నీరు నేరుగా కారులోకి కారుతుంది. ఒక బాటిల్ నీళ్లు మెల్లగా అందులో పోయమని అమ్మేవారిని అడగండి, మీరు డాష్‌బోర్డ్ కింద తల పెట్టి టార్చి వేసి చూడండి. పొడిగా ఉంటే మంచిది. చుక్క పడితే మాత్రం ముందు ఫ్లోర్ చూడండి. కౌల్ బాగుచేయాలంటే ముందు ఫెండర్లు తీసి, స్పాట్ వెల్డులు ఒక్కొక్కటీ డ్రిల్ చేసి విప్పాలి. చిన్న పని కాదు.

కార్పెట్ ఎత్తి ఫ్లోర్ చూడండి. డిక్కీలో మ్యాట్ తీసి మూలలు చూడండి. కింద పడుకుని ఫ్రేమ్ రైళ్లు, టార్క్ బాక్సులు అంటే ఫ్రేమ్, బాడీ కలిసే మూలలు స్క్రూడ్రైవర్ వెనకవైపుతో తట్టి చూడండి. గట్టి రేకు ఖంగుమంటుంది, తుప్పు పట్టింది డొల్లగా పలుకుతుంది. బానెట్ తీసి షాక్ టవర్ల (ముందు షాక్ అబ్జార్బర్లు బిగించే చోట్ల) దగ్గర పగుళ్లున్నాయేమో వెతకండి. డోర్ సగం తెరిచి పైకి ఎత్తి చూడండి, ఊగితే హింజ్ పిన్నులు అరిగినట్టు. ముందు భాగం జాకీతో ఎత్తినప్పుడు డోర్ సందు మారిపోతుంటే బాడీ బలం పోయినట్టు. అలాంటి కారు వదిలేయండి. వినైల్ రూఫ్ ఉన్న షెవెల్ అయితే వెనక అద్దం చుట్టూ వేలితో నొక్కి చూడండి, ఆ గుడ్డ కింద నీరు నిలిచి తినేస్తుంది.

నంబర్లు, కాగితాలు

ఫోర్డ్ మస్టాంగ్ మొదటి కారు, అంటే 5F08F100001 నంబరున్నది, డియర్‌బర్న్‌లో హెన్రీ ఫోర్డ్ మ్యూజియంలో ఉంది. ఆ నంబరు చదవడం నేర్చుకుంటే మీరు కొనబోయే కారునూ చదవగలుగుతారు. 5 అంటే 1965 మోడల్. ఎఫ్ అంటే డియర్‌బర్న్ ఫ్యాక్టరీ, ఆర్ అయితే శాన్ హోసే, టీ అయితే న్యూజెర్సీలో మెటుచెన్. 08 కన్వర్టిబుల్, 07 కూపే, 09 ఫాస్ట్‌బ్యాక్. అయిదో అక్షరం ఇంజిన్. ఆ మొదటి కారులో ఉన్నది ఎఫ్, అంటే 260 వి8. మీరు చూసే కార్లలో ఎక్కువగా కనిపించేది టీ, అంటే ఆరు సిలిండర్లు, లేదా సీ, అంటే 289లో మామూలు రకం. 289లో ఏ అంటే నాలుగు బ్యారెళ్ల కార్బరేటర్, కే అంటే 271 హార్స్‌పవర్ హై పెర్ఫార్మెన్స్. కే కారు ధర ఎక్కువ కాబట్టి నకిలీలూ ఎక్కువే.

డోర్ మీద రివెట్లతో బిగించిన ప్లేటును నమ్మకండి, అది మార్చడం పది నిమిషాల పని. డ్రైవర్ వైపు బానెట్ కింద, ఇన్నర్ ఫెండర్ మీద రేకులోకి అచ్చు కొట్టిన నంబరు చూడండి. అది టైటిల్ (కారు ఎవరిదో చెప్పే పత్రం) మీద ఉన్న నంబరుతో ఒక్క అక్షరం కూడా తేడా లేకుండా కలవాలి. కలవకపోతే కారు ఎంత బాగున్నా వెనక్కి తిరగండి. ఇంకో గుర్తు చెప్తాను. ఆరు సిలిండర్ల మస్టాంగ్ చక్రాలకు నాలుగు నట్లు, వి8 చక్రాలకు అయిదు. ఆరు సిలిండర్ల కారులో ఎవరో వి8 పెట్టి, చక్రాలకు నాలుగు నట్లే ఉన్నాయంటే బ్రేకులూ యాక్సిలూ చిన్నవే వదిలేశారని అర్థం.

జీటీఓ అయితే 1964, 65లో అది లెమాన్స్ కారుకు ఒక ఆప్షన్ మాత్రమే కాబట్టి వీఐఎన్‌లో, అంటే కారు గుర్తింపు నంబరులో, కనబడదు. పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్ నుంచి ఆ కారు ఫ్యాక్టరీ కాగితాలు తెప్పించుకోండి. ఫోర్డ్ కార్లకు 1967 మోడల్ నుంచి మార్టీ రిపోర్టు, అంటే ఫ్యాక్టరీ రికార్డుల నుంచి తీసిన వివరాలు, దొరుకుతుంది. షెవెల్‌లో 1966 నుంచి 68 దాకా ఎస్ఎస్ 396 నంబరు 138తో మొదలవుతుంది. 1969లో అది మళ్లీ ఆప్షన్ అయింది, ఇక నంబరు చూసి చెప్పలేం. ఫ్యాక్టరీ బిల్డ్ షీట్ లాంటి కాగితం లేకుండా ఎస్ఎస్ ధర పెట్టకండి.

ఇన్సూరెన్స్‌కు పాత కార్లు సేకరించేవాళ్లకిచ్చే "కలెక్టర్ కార్" పాలసీయే తీసుకోండి. అందులో కారు విలువ ముందే ఇద్దరూ ఒప్పుకుని రాసుకుంటారు, కాబట్టి ప్రమాదం జరిగాక "ఇది అరవై ఏళ్ల కారు కదా" అనే వాదన రాదు. బదులుగా కారు గరాజ్‌లో ఉండాలని, రోజూ వాడుకోవడానికి వేరే కారు ఉండాలని అడుగుతారు. ప్లేట్లకు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రూలు. మిషిగన్‌లో 26 ఏళ్లు నిండిన కారుకు హిస్టారిక్ ప్లేటు ఇస్తారు. షోలకు, పరేడ్లకు, రిపేరు చేశాక పరీక్షించడానికి తిప్పుకోవచ్చు, ఆగస్టు నెలంతా ఏ పని మీదైనా వెళ్లొచ్చు. కాలిఫోర్నియాలో 1975, అంతకుముందు మోడళ్లకు స్మాగ్ చెక్ (పొగ పరీక్ష) లేదు.

గరాజ్‌లో ఏముండాలి

మన దగ్గరుండే మిల్లీమీటర్ స్పానర్లు ఈ కార్లకు పనికిరావు. అన్నీ అంగుళాల సైజులు, ఎక్కువగా 7/16, 1/2, 9/16. మిల్లీమీటర్ స్పానర్‌తో సర్దుకోబోతే నట్టు తల అరిగిపోతుంది. ఒక మంచి సాకెట్ సెట్, టార్క్ రెంచ్, బ్రేక్ పైపుల కోసం ఫ్లేర్ నట్ రెంచ్, మల్టీమీటర్, టైమింగ్ లైట్, మంటలార్పే సిలిండర్ కొనండి. మూడు టన్నుల జాకీతో పాటు జాక్ స్టాండ్లు తప్పనిసరి. జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన కారు కింద ఎప్పుడూ, ఒక్క నిమిషం కూడా, దూరకండి.

జిప్‌లాక్ కవర్లు, మార్కర్ పెన్ను కూడా పనిముట్లే. ఏది విప్పినా ముందు ఫోటో తీయండి, బోల్టులు కవర్లో వేసి "ఎడమ హెడ్‌లైట్, పై రెండు" అని వివరంగా రాయండి. తెలుగులో రాసుకున్నా ఫర్వాలేదు, నేను అలాగే రాస్తాను.

ఏళ్లుగా ఆగిన ఇంజిన్‌ను లేపడం

నడిచే కారు కొనమని చెప్పాను గానీ, "రెండేళ్ల క్రితం నడిచింది" అన్న కారు దొరకడం ఎక్కువ. తాళం తిప్పి చూద్దామన్న ఆత్రం ఆపుకోండి.

ముందు ఎయిర్ క్లీనర్ తీసి చూడండి. ఎలుక గూడు ఉంటుంది, నా కారులో వేరుశనగ తొక్కలు కూడా ఉన్నాయి. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయండి. పాత పెట్రోలుకు వార్నిష్ వాసన వస్తుంది, అది కార్బరేటర్‌లోకి వెళ్తే జిగురులా పట్టేస్తుంది. రబ్బరు ఫ్యూయల్ గొట్టాలన్నీ మార్చండి. ఇప్పటి పెట్రోల్లో కలిపే ఇథనాల్ పాత రబ్బరును తినేస్తుంది, వేడి ఇంజిన్ మీద పెట్రోలు కారిందంటే ఏమవుతుందో చెప్పక్కర్లేదు. కొత్త గొట్టం మీద 30ఆర్9 అని ఉందో లేదో చూసి కొనండి.

ఇంజిన్ ఆయిల్, ఫిల్టర్ మార్చండి. 289కు ఫిల్టర్‌తో కలిపి అయిదు క్వార్టులు పడుతుంది. జింక్ ఎక్కువున్న ఆయిల్ అడగండి, ఈ ఇంజిన్ల క్యామ్‌షాఫ్ట్‌కు అది కావాలి. ఇప్పుడు స్పార్క్ ప్లగ్గులు ఎనిమిదీ విప్పి, ఒక్కో సిలిండర్‌లో ఒక చెంచా ఆయిల్ పోసి రాత్రంతా వదిలేయండి. మర్నాడు క్రాంక్ బోల్టుకు పొడవాటి బ్రేకర్ బార్ తగిలించి చేత్తో మెల్లగా తిప్పండి. తిరిగితే పండగే. తిరగకపోతే బలం ఉపయోగించకండి, ఇంకొంచెం ఆయిల్ పోసి రెండు రోజులాగండి.

ప్లగ్ వైర్లు తీసేముందు ఒక్కోదానికి టేపు మీద నంబరు రాసి అంటించండి. ఫోర్డ్ 289 ఫైరింగ్ ఆర్డర్, అంటే సిలిండర్లు మండే వరుస, 1-5-4-2-6-3-7-8, ఒకటో సిలిండర్ ప్యాసింజర్ వైపు ముందుంటుంది. షెవర్లే చిన్న వి8 స్మాల్ బ్లాక్‌కు 1-8-4-3-6-5-7-2, అక్కడ ఒకటోది డ్రైవర్ వైపు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి స్పార్క్ కోసం కరెంటును తెంచుతూ కలుపుతూ ఉండే కాంటాక్ట్ పాయింట్లు చూడండి. నేను మొదటిసారి మూత తీసినప్పుడు గుంటూరులో ఉన్న నాన్నకు వీడియో కాల్ చేశాను. "ఇది మన అంబాసిడర్‌లో ఉన్నదే కదరా, పాయింట్లు నల్లబడ్డాయి చూడు" అన్నాడు వెంటనే. చిన్నప్పుడు ఆయన అగ్గిపెట్టె అంచు చింపి ఆ పాయింట్ల మధ్య రుద్దడం నాకు బాగా గుర్తు. దారి మధ్యలో అది సరిపోతుంది గానీ ఇంట్లో అయితే కొత్త పాయింట్లు, కండెన్సర్ వేసుకోండి, 0.017 అంగుళాల ఫీలర్ గేజ్ పెట్టి సందు సరిచేయండి.

కాయిల్ వైరు పీకేసి, ఆయిల్ ప్రెషర్ కనబడేదాకా స్టార్టర్ తిప్పండి. తర్వాత వైరు పెట్టి స్టార్ట్ చేయండి. గరాజ్ తలుపు పూర్తిగా తెరిచి ఉంచండి, ఇంకొకరు మంటలార్పే సిలిండర్‌తో పక్కన నిలబడాలి. మొదట నీలం కలిసిన తెల్లటి పొగ వస్తుంది, మీరు పోసిన ఆయిలే అది.

గేటు దాటేముందు బ్రేకులు

ఇంజిన్ పలికింది కదా అని ఒక రౌండు వేసి రావాలనిపిస్తుంది. వద్దు. 1966 మస్టాంగ్‌లో మాస్టర్ సిలిండర్, అంటే పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ను చక్రాలకు నెట్టేది, ఒకే గదిది. నాలుగు చక్రాల్లో ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా బ్రేకులన్నీ ఒకేసారి పోతాయి, పెడల్ నేలకు తగులుతుంది. 1967 మోడల్ నుంచే రెండు గదుల సిలిండర్ వచ్చింది. నేను కారులో పెట్టిన మొదటి కొత్త వస్తువు ఆ రెండు గదుల మాస్టర్ సిలిండరే, మిమ్మల్ని కూడా అలాగే చేయమంటాను. కారు అచ్చం ఫ్యాక్టరీలో వచ్చినట్టే ఉండాలనుకునేవాళ్లు కూడా ఈ ఒక్కటి మార్చుకోవాలి.

డ్రమ్ములు తీసినప్పుడు లోపలి దుమ్మును గాలి కొట్టి ఊదకండి. పాత బ్రేక్ షూలలో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిపి, గుడ్డతో తుడిచి, ఆ గుడ్డ కవర్లో కట్టి పారేయండి, మాస్క్ పెట్టుకోండి. వీల్ సిలిండర్ రబ్బరు మూత ఎత్తి చూస్తే తడి ఉంటే మార్చేయాల్సిందే. రబ్బరు గొట్టాలు ఎలా ఉన్నా మార్చండి, లోపల వాచి మూసుకుపోతాయి. బ్రేక్ పైపుల్లోని గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి: కుడి వెనక, ఎడమ వెనక, కుడి ముందు, ఎడమ ముందు.

టైర్ల మీద నాలుగంకెల తేదీ చూడండి. 2316 అంటే 2016లో 23వ వారం. పదేళ్లు దాటితే ట్రెడ్ కొత్తగా కనిపించినా మార్చండి.

పిల్లల్ని ఎక్కించుకోవాలనుకుంటే ఇంకో రెండు పనులు. ముందు, వెనక మూడు పాయింట్ల బెల్టులు పెట్టించండి. ఈ మస్టాంగ్‌లో పెట్రోల్ ట్యాంకు పైభాగమే డిక్కీ నేల, వెనక సీటుకూ దానికీ మధ్య ఉన్నది అట్ట మాత్రమే. అక్కడ బిగించడానికి ఉక్కు రేకు అమ్ముతారు, వేసుకోండి.

తర్వాత ఏది ముందు, ఏది వెనక

చలికాలానికి ఒక భాగం పెట్టుకోండి. మొదటి ఏడాది రేడియేటర్, నీటి గొట్టాలు, థర్మోస్టాట్. రెండో ఏడాది వైరింగ్. ఈ కార్లలో హెడ్‌లైట్ కరెంటంతా స్విచ్ గుండా పోతుంది, రిలేలు పెడితే లైటు పెరుగుతుంది, స్విచ్ బతుకుతుంది. క్రైస్లర్ కార్లలో కరెంటంతా డాష్‌బోర్డ్‌లోని యామ్‌మీటర్ (కరెంటు కొలిచే మీటరు) గుండా తిరుగుతుంది, ఆ జాయింట్లు వేడెక్కి కాలిపోయిన కార్లున్నాయి. చార్జర్, రోడ్ రన్నర్ కొన్నవాళ్లు ఆ పనే ముందు చేయాలి. ఆ తర్వాత బాల్ జాయింట్లు, టై రాడ్లు, బుష్‌లు.

టింకరింగ్, వెల్డింగ్ తర్వాత, రంగు అన్నిటికన్నా చివర. రంగు, క్రోమ్ ప్లేటింగ్ ఎక్కువ డబ్బు తినేవి. ముందే రంగు వేయించి ఆ తర్వాత ఇంజిన్ దింపితే గీతలు పడతాయి. వెల్డింగ్ మీరే నేర్చుకోవచ్చు, కమ్యూనిటీ కాలేజీల్లో సాయంత్రం క్లాసులుంటాయి. ఫ్లోర్ ప్యాన్ మార్చేంతవరకు నేర్చుకుంటే చాలు. ఫ్రేమ్ రైలు మాత్రం చెయ్యి తిరిగినవాళ్లకే ఇవ్వండి. షాపుకిచ్చేటప్పుడు ఏ పని, ఎంత, ఎప్పటికి అన్నది కాగితం మీద రాయించుకోండి. నేను నోటిమాట మీద ఒక షాపులో వదిలిన డోర్లు పదకొండు నెలలకు వచ్చాయి, అవీ ఒకటి వేరే రంగు ఛాయలో.

రోడ్డెక్కాక

మొదటి వారం ఇంటి చుట్టూ అయిదు మైళ్లు మించకండి. వచ్చిన ప్రతిసారీ కారు కింద ఒక పెద్ద అట్ట పరచండి. పొద్దున ఏ చుక్క ఎక్కడ పడిందో చూడండి: నల్లటిది ఇంజిన్ ఆయిల్, ఎర్రటిది ట్రాన్స్‌మిషన్, పచ్చటిది కూలెంట్. చక్రం లోపలి వైపు నుంచి కారిన తడి బ్రేక్ ఫ్లూయిడ్ కావచ్చు, కారణం దొరికేదాకా నడపకండి. యాభై మైళ్లు తిరిగాక చక్రాల నట్లు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించండి. నవంబరులో రోడ్డు మీద మొదటి ఉప్పు పడిన రోజు నుంచి కారు గరాజ్‌లోనే ఉండాలి. ట్యాంకు నిండా పెట్రోలు, అందులో స్టెబిలైజర్, బ్యాటరీకి టెండర్ అనే చిన్న చార్జర్. వసంతంలో రెండు మూడు మంచి వానలు పడి రోడ్లు కడిగాకే బయటికి తీయండి.

ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్. 1995 నుంచి జరుగుతోంది, వేల పాత కార్లు వుడ్‌వర్డ్ అవెన్యూ మీద పాకుతూ వెళ్తాయి. ఆ ట్రాఫిక్‌లో ఇంజిన్ త్వరగా వేడెక్కుతుంది. ఉదయం ఏడింటికల్లా వెళ్లండి, డిక్కీలో రెండు గ్యాలన్ల నీళ్లు, ఒక ఫ్యాన్ బెల్టు, పాయింట్ల సెట్, 7/16, 1/2, 9/16 స్పానర్లు పెట్టుకోండి. వేడి ముల్లు సగం దాటితే పక్కకు తీసి బానెట్ ఎత్తేయండి, రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోకండి. అయిదు నిమిషాల్లో ఎవరో ఒకరు "ఏం సాయం కావాలి?" అంటూ పక్కకొచ్చి నిలబడతారు.